ఊయల పక్కన కూర్చున్నామె

చప్పుడు చేయకండి. పాప ఇప్పుడే కళ్ళు మూసింది.

ఇది పారిస్, 1872వ సంవత్సరం. గుమ్మంలో ఆగిపోకుండా మెల్లగా గోడవారనే నడిచి ఆ ఈజిల్ దగ్గరికి రండి. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. ఎడమ పక్క ఒక యువతి కూర్చుని ఉంది. కుడి పక్క ఊయలతొట్టి. దాని మీద పైనుంచి కిందికి జారిన పల్చటి తెల్ల తెర, మన ఇళ్ళలో పసిపిల్లల మీద కట్టే దోమతెరలాంటిది. తెర లోపల మసగ్గా ఒక ముఖం, తల పక్కకి మడిచి పెట్టుకున్న చిన్న చెయ్యి. కిందటి డిసెంబరులో పుట్టిన పిల్ల. పేరు బ్లాంష్. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం తెలుపు. ఈ పూట ఈ గదిలో జరిగే పనిలో సగానికి పైగా తెలుపుతోనే.

కూర్చున్నామె తల్లి, ఎడ్మా. ముప్పై రెండేళ్ళు. ముదురురంగు గౌను, మెడ దగ్గర లేసు, గొంతు చుట్టూ కట్టిన నల్ల రిబ్బను. ఎడమ చెయ్యి మడిచి చెంపకి ఆనించుకుంది. లోపల పాప చెయ్యి కూడా అలాగే మడిచి ఉంది. ఒకసారి తల్లి చేతిని, ఒకసారి బిడ్డ చేతిని చూడండి, అద్దంలో చూసినట్టుంటుంది. తల్లి చూపు అక్కణ్ణుంచి బయల్దేరి, ఏటవాలుగా తెరలోంచి దిగి, పాప మూసిన కళ్ళ మీద వాలుతుంది. వెనక ఉన్న కర్టెను కూడా ఆ వాలునే పట్టుకుంది.

ఇప్పుడు కుడిచెయ్యి. దీన్ని మాత్రం దగ్గరికొచ్చి చూడాలి. తొట్టి అంచు మీద వాలి ఉంది, వేళ్ళ మధ్య తెర అంచు, ఆ అంచుకి లేత గులాబీరంగు. గట్టిగా పట్టుకోలేదు, అలాగని వదిలేయనూ లేదు. తెరని మనకీ పాపకీ మధ్యలోకి లాగుతోంది. మీరూ నేనూ పరాయివాళ్ళం కదా. చూడనిస్తుంది గానీ తెరలోంచే.

గదిలో పసిపిల్లలున్న ఇంటి వాసనేదో ఉండే ఉంటుంది. దాన్ని మింగేసే వాసన మరొకటుంది, నూనె, టర్పెంటైన్ కలిసినది. మీ పక్కనే ఈజిల్ ముందు ఉన్నామె బెర్త్ మొరిజో. ఎడ్మాకి చెల్లెలు. ముప్పై ఒక్క ఏళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. ఈ ఏడే ఎదువార్ మానే ఆమెని నల్లబట్టల్లో, గుండెల దగ్గర ఊదాపూల గుత్తితో చిత్రించాడు. ఆ బొమ్మలో ఆమె కళ్ళు నల్లగా, సూటిగా మనల్నే చూస్తాయి. ఈ పూట ఆ కళ్ళకి మనతో పని లేదు. అవి అక్క మీదికీ కాన్వాసు మీదికీ తిరుగుతున్నాయి.

తెరని ఎలా వేస్తోందో చూడండి. నీటిరంగులైతే ఇది అంత కష్టం కాదు, కాగితం తెలుపే సగం పని చేసిపెడుతుంది. నూనెరంగు అలా కాదు. వెన్నలా చిక్కగా ఉంటుంది, వేసినచోటల్లా మూత పెట్టేస్తుంది. దాంతో పల్చదనం చూపించాలంటే చెయ్యి చాలా తేలిగ్గా ఉండాలి. కుంచెకి రంగు అంటీ అంటనట్టు అద్దుకోవాలి. ఆ దాదాపు ఎండిన కుంచెని ఈడిస్తే కాన్వాసు నేతలో పైకి లేచిన పోగులకే రంగు అంటుతుంది, సందుల్లో కింది రంగు కనిపిస్తూనే ఉంటుంది. తెర ఒక్క పొర ఉన్నచోట లోపలి పక్క కనిపించాలి. మడత పడ్డచోట తెలుపు చిక్కబడాలి. అంచు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ గాలిలా తేలిపోవాలి. ఒక్క దెబ్బ ఎక్కువైందా, తెర కాస్తా సున్నం కొట్టిన గోడవుతుంది.

పైగా ఆ తెలుపు ఒక తెలుపు కాదు. పాలెట్ మీద చూస్తే తెలుస్తుంది. నీలం కలిసింది ఒకటి, బూడిదరంగు కలిసింది ఒకటి, గులాబీ పొడ ఉన్నది ఇంకొకటి. తెల్లబట్టలుతికి నీలిమందు పెట్టిన ఏ ఇల్లాలికైనా ఈ కిటుకు తెలుసు. తెల్లగా కనిపించాలంటే అందులో నీలం ఉండాలి.

అన్నట్టు, ఆ బల్ల మీది రంగుల గొట్టాలని చిన్నచూపు చూడకండి. ఒకప్పుడు నూనెరంగుని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి అమ్మేవాళ్ళు. సూదితో పొడిచి పిండుకోవాలి, ఆ తర్వాత అది ఎండిపోతుంది. మూత ఉన్న తగరపు గొట్టానికి జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు పేటెంటు తీసుకున్నది 1841లో. బెర్త్ పుట్టిందీ ఆ ఏడాదే. పాప లేస్తే పని ఆపి, పడుకుంటే మళ్ళీ మూత తిప్పుకునే ఇలాంటి ఇంటి గదిలో ఆ గొట్టం విలువ చెప్పలేం. ఇంప్రెషనిస్టులు పొలాల్లోకి, ఏటిగట్లకి వెళ్ళడానికి అది ఉపయోగపడిందని పుస్తకాలన్నీ రాస్తాయి. పసిపిల్ల పడుకున్న గది సంగతి ఎందుకో ఎవరూ రాయరు.

ఎడ్మా కదలదు. చాలాసేపటినుంచి కదల్లేదు.

బొమ్మకి కూర్చునే మనిషికి మామూలుగా తెలిసేది మెడనొప్పీ, కాళ్ళు తిమ్మిరెక్కడమూ. ఎడ్మాకి ఇంకా తెలుసు. కుంచె కాన్వాసుని రాసుకునే చప్పుడు వింటే చాలు, చెల్లి సన్నకుంచె పట్టుకుందో వెడల్పు కుంచె పట్టుకుందో తెలుస్తుంది. ఎక్కువసేపు చప్పుడు లేకపోతే ఎక్కడో చిక్కొచ్చిందనీ తెలుస్తుంది. ఎందుకంటే ఆ చెల్లీ తనూ పదేళ్ళకు పైగా పక్కపక్క ఈజిళ్ళ ముందు నిలబడ్డారు. ఎడ్మా కూడా చిత్రకారిణే.

ఒక్క క్షణం ఈ గది వదిలి నాతో వెనక్కి రండి. 1858 ప్రాంతం, లూవ్ర్ మ్యూజియం. పాత మహామహుల చిత్రాల ముందు స్టూళ్ళేసుకుని నకళ్ళు తీస్తున్నవాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు. తోడుగా తల్లి. పెద్దింటి పిల్లలు ఒంటరిగా రాకూడదు మరి. ప్రభుత్వ చిత్రకళా పాఠశాల తలుపులు ఆడవాళ్ళకి మూసే ఉన్నాయి, 1897 దాకా తెరుచుకోలేదు. అందుకని ప్రైవేటుగా ఒక మాస్టారు. ఆయన పేరు జోసెఫ్ గిషార్. ఈ పిల్లల చేతులు చూసి ఆయన ముందు సంతోషించి, ఆ తర్వాత భయపడ్డాడు. వీళ్ళు కాలక్షేపానికి పూలు వేసే రకం కాదనీ, నిజంగానే చిత్రకారులైపోతారనీ, మీలాంటి ఇంట్లో అది దాదాపు ఉపద్రవమేననీ తల్లిని హెచ్చరించాడు. తల్లి పాఠాలు మానిపించలేదు. ఆవిడకి ఇక్కడే ఒక నమస్కారం పెట్టి ముందుకెళ్దాం.

తర్వాత చిత్రకారుడు కోరో దగ్గర శిష్యరికం, ఆరుబయట చెట్లూ నీళ్ళూ. పాసీలోని ఇంటి తోటలో ఇద్దరికీ కలిపి ఒక స్టూడియో. 1864లో అధికారిక చిత్రప్రదర్శన అయిన పారిస్ సలోన్‌కి ఇద్దరి చిత్రాలూ ఎంపికయ్యాయి. అక్క వేసిందీ గోడెక్కింది, చెల్లి వేసిందీ గోడెక్కింది. ఆ నాటికి ఇద్దరిలో ఎవరు పెద్ద చిత్రకారిణి అవుతారంటే పందెం కాయడం కష్టం.

1869 మార్చిలో ఎడ్మాకి పెళ్ళయింది. భర్త అడోల్ఫ్ పొంతియోన్ నౌకాదళంలో అధికారి. కాపురం పశ్చిమ తీరాన లోరియాన్ రేవుపట్నంలో. పెట్టెలో బట్టలు సర్దుకుంది, కుంచెలు మాత్రం ఆగిపోయాయి. ఎవరూ కూడదన్నట్టు కనపడదు. ఏ గొడవా లేకుండా, ఏ తేదీ లేకుండా ఆగిపోయాయి, మన ఇళ్ళలో ఎందరో అమ్మాయిల వీణ అటకెక్కినట్టు. ఆ కొత్తలో చెల్లికి రాసిన ఉత్తరాల్లో ఆమె బెంగపడింది భర్త దూరమని కాదు, స్టూడియో దూరమని. ఒక్క పావుగంట అక్కడికి చేరుకుని, ఆ గాలి పీల్చి వచ్చేస్తే చాలన్నట్టు రాసింది.

చెల్లి ఏం చేసిందో చూడండి. అక్కని కూర్చోబెట్టి వేయడం మొదలుపెట్టింది. లోరియాన్ వెళ్ళి, రేవు గట్టు మీద గొడుగుతో కూర్చోబెట్టి వేసింది. కిటికీ దగ్గర కుర్చీలో, తెల్లబట్టల్లో, చేతిలో విసనకర్రతో వేసింది. బయట బాల్కనీ ఉంది, ఎండ ఉంది, వీధి ఉంది. ఎడ్మా మాత్రం విసనకర్రనే చూస్తూ ఉంటుంది. ఆ చలికాలం ఎడ్మా తొలి కాన్పుకి పుట్టింటికొస్తే, అమ్మ పుస్తకం చదువుతుండగా పక్కనే సోఫాలో కూర్చున్న అక్కని వేసింది.

ఈ మూడో బొమ్మకి ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. అది 1870 సలోన్‌కి పంపాలి, గడువు దగ్గరపడింది. అమ్మ తల కుదరలేదని బెర్త్‌కి అనుమానం. మానే నేనొచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు. గౌను కింది భాగం మీద ఒకటి రెండు చోట్ల కుంచె పెట్టాడు. ఇక ఆగలేదు. గౌను నుంచి పైకి, అక్కణ్ణుంచి తలకి, తల నుంచి వెనక గోడకి పోయాడు. మధ్యలో జోకులు, నవ్వులు. పాలెట్ చేతికిస్తాడు, మళ్ళీ లాక్కుంటాడు. సాయంత్రం ఐదయ్యేసరికి చిత్రం మారిపోయింది. వాకిట్లో బండి సిద్ధంగా ఉంది, ఎక్కించుకుని పోయింది. బెర్త్ గుడ్లలో నీళ్ళు కుక్కుకుంది, అమ్మకేమో ఇదంతా తమాషాగా ఉంది. సలోన్‌వాళ్ళు దాన్ని తీసుకున్నారు. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెళ్ళినవాళ్ళు చూడండి, అమ్మ నల్లగౌను మీద మానే వెడల్పాటి కుంచె దెబ్బలు, పక్కన ఎడ్మా మీద బెర్త్ తేలికచెయ్యి. రెండు చేతులూ కలవవు. సాయం చేయడానికొచ్చి ఇల్లు ఆక్రమించిన చుట్టంలా ఉంటుంది మానే వాటా.

ఇక రండి, మళ్ళీ 1872 గదిలోకి. పాప ఇంకా లేవలేదు. ఈ మధ్యలో ప్రష్యాతో యుద్ధం, పారిస్ ముట్టడి, కమ్యూన్ రక్తపాతం అన్నీ జరిగిపోయాయి. ముట్టడి రోజుల్లో నేషనల్ గార్డు సైనికులు తోటలోని ఆ స్టూడియోలోనే మకాం పెట్టారు. పావుగంట వెళ్ళి కూర్చుంటే చాలని ఎడ్మా తపించిన చోటు అది. ఇప్పుడు చెల్లికి ఇంటి గదే పని గది. మానే ఈ గదిలో లేడు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసిపిల్ల, ఒకే ఒక్క కుంచె.

ఇప్పుడు ఎడ్మా ముఖం చూడండి. తొందరపడకండి. ఈ బొమ్మని 'మాతృత్వం' అనే మాట పెట్టి ఎన్నో పుస్తకాలు అచ్చేశాయి. నాకు ఆ మాటతో పేచీ లేదు గానీ, అది ఈ ముఖానికి చాలదు. బిడ్డని చూసి మురిసిపోయే తల్లి ముఖాలు చిత్రకళలో కొల్లలుగా ఉన్నాయి. ఈ ముఖంలో మురిపెం కన్నా ఎక్కువ అలసట ఉంది. అలసటకన్నా ఎక్కువ ఇంకేదో ఉంది. పరధ్యానం అనబోయి ఆగుతున్నాను, ఎందుకంటే చూపు చెదరలేదు, పాప మీదే ఉంది. కొలుస్తున్నట్టు చూస్తోందని నాకనిపిస్తుంది. తెరలోంచి చర్మం రంగు ఎలా మారుతుందో, పాప నుదుటి మీద నీడ ఎంతవరకొచ్చిందో చిత్రకారులే అలా చూస్తారు. చెల్లి కాన్వాసు మీద తెరని వేస్తోంది. అక్క తెర అంచు పట్టుకుని, అది ఎలా పడాలో కూర్చున్నచోటునుంచే సర్దుతోంది. ఇది నా ఊహే. కాకపోతే ఆ కుడిచేతి వేళ్ళు చూసినప్పుడల్లా ఇదే ఊహ వస్తుంది.

రెండేళ్ళు దాటుదాం. 1874 ఏప్రిల్, బులెవార్ దె కాప్యుసీన్, 35వ నంబరు ఇల్లు. ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియో. ఒక ఫ్రాంకు ఇచ్చి టికెట్టు కొనుక్కుని పైకి రండి. సలోన్‌తో విసిగిపోయిన ముప్పై మంది దాకా కలిసి సొంతంగా పెట్టుకున్న ప్రదర్శన ఇది. మోనే, రెన్వా, దెగా, పిస్సారో, సిస్లీ, సెజాన్ ఉన్నారు. ఆడమనిషి ఒక్కతే. పగటి పనికి పోయేవాళ్ళ కోసం రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కూడా తెరుస్తారు. జనం వస్తున్నారు, చాలామంది నవ్వుకోవడానికే. అదిగో, గోడ మీద మన ఊయల. పేరు కూడా అంతే, 'ఊయల'.

లూయీ లెరోవా అనే ఆయన 'ల షారివారి' పత్రికకి రాయడానికి వచ్చాడు. మోనే సూర్యోదయం బొమ్మ పేరు పట్టుకుని వీళ్ళందరికీ 'ఇంప్రెషనిస్టులు' అని వెటకారంగా పేరు పెట్టింది ఆయనే. బెర్త్‌నీ వదల్లేదు. చెయ్యి వేయాలంటే ఎన్ని వేళ్ళో అన్ని గీతలు గీసి అయిపోయిందనిపిస్తుందని ఎగతాళి చేశాడు. తెర అంచు పట్టుకున్న ఆ చేతి ముందు నిలబడి చూసి మీరే చెప్పండి.

ఇంకొకరు కూడా వచ్చారు, పెద్దాయన. గుర్తుపట్టారా? గిషార్ మాస్టారే. శిష్యురాలి బొమ్మలు ఈ గుంపులో కనపడేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంత సుకుమారమైన పనిని సెజాన్ బొమ్మ పక్కన, ఫ్రేములు రెండూ తగిలేంత దగ్గరగా పెట్టారని తల్లికి ఉత్తరం రాశాడు. మందు కూడా చెప్పాడు. వారానికి రెండుసార్లు లూవ్ర్‌కి వెళ్ళి, కొరెజ్జో చిత్రం ముందు గంటల తరబడి నిలబడి, నీటిరంగులు మాత్రమే చెప్పగలిగేది నూనెరంగులతో చెప్పబోయినందుకు క్షమాపణ అడగాలట. మాస్టారు తిట్టాననుకున్నారు. ఈ చిత్రానికి అంతకన్నా సరైన మెచ్చుకోలు నేనెక్కడా చదవలేదు. నూనెరంగుతో ఆ తెరని గాలిలా నిలబెట్టడమే కదా ఆమె చేసింది.

కొందరు విమర్శకులు బొమ్మ నాజూకుగా ఉందని మెచ్చుకున్నారు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. అమ్మాలని ప్రయత్నించి ప్రయత్నించి, చివరికి బెర్త్ దాన్ని వెనక్కి తీసేసుకుంది. ఆ తర్వాత అది కూర్చున్నామె కుటుంబంలోనే ఉండిపోయింది. బెర్త్ ఆ ఏడాది చివర మానే తమ్ముడు యూజీన్‌ని పెళ్ళి చేసుకుంది, కుంచె మాత్రం కిందపెట్టలేదు. 1895 మార్చిలో, యాభై నాలుగేళ్ళకి ఆమె చనిపోయినప్పుడు మరణపత్రంలో వృత్తి అన్నచోట 'ఏమీ లేదు' అని రాశారు. ఎడ్మా 1921 దాకా బతికింది. 1930లో లూవ్ర్ ఈ చిత్రాన్ని కొంది.

ఇప్పుడది పారిస్‌లోనే ఓర్సే మ్యూజియంలో ఉంది. 1900 నాటి రైల్వేస్టేషన్ అది, 1986లో మ్యూజియం అయింది. పెద్ద గడియారం చూసుకుంటూ పై అంతస్తుకి వెళ్తే ఇంప్రెషనిస్టుల గదులు. అక్కడికెళ్ళిన మనవాళ్ళు ముందుగా మోనే, వాన్ గో బొమ్మల వైపు పరుగెత్తుతారు, తప్పు లేదు. కానీ 'ఊయల' చాలా చిన్నది. 56 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు, మన గోడ క్యాలెండరు అంత. రెండడుగుల దూరంలో నిలబడితేనే వేళ్ళ మధ్య తెర కనిపిస్తుంది. ముందు ఆ చేతిని చూడండి, తర్వాత ముఖం.

ఎడ్మా వేసిన బొమ్మల్లో మిగిలినవి బహు కొద్ది. 1865 ప్రాంతంలో, ఇద్దరూ ఒకే స్టూడియోలో పని చేస్తున్న రోజుల్లో వేసిన చిత్రం ఒకటి ఉంది. అందులో ఉన్నది బెర్త్. ఈజిల్ ముందు, చేతిలో కుంచెతో.